కొన్నాళ్లు బయట ఉంచక తప్పనప్పుడు: బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు ఇల్లా, ఆస్పత్రా, వసతి కేంద్రమా?

ఒక ఇంట్లో పన్నెండేళ్ల బాబు వారం రోజులుగా నిద్రపోవడం లేదు. తల గోడకేసి కొట్టుకుంటున్నాడు, పట్టుకోబోతే కొరుకుతున్నాడు. ఇంకో ఇంట్లో పాప ఎప్పట్లాగే ఉంది, కానీ చూసుకునే తల్లికి గర్భసంచి ఆపరేషన్ పడింది. మరో ఇంట్లో రోజూ తాగుడు, కొట్లాట, ఆ కోపమంతా పిల్లవాడి వీపు మీద దిగుతోంది. మూడిళ్లలోనూ వినిపించే మాట ఒక్కటే: "కొన్నాళ్లు ఎక్కడైనా ఉంచితే బాగుండు." కానీ ఆ ముగ్గురు పిల్లలూ వెళ్లాల్సిన చోట్లు వేరు. మొదటి బాబును వసతి కేంద్రంలో వదిలితే అసలు జబ్బు బయటపడదు. రెండో ఇంటి పాపను సైకియాట్రీ వార్డులో చేరిస్తే అక్కర్లేని మందులు మొదలవుతాయి. మూడో పిల్లవాణ్ణి పదిహేను రోజులు పంపించి మళ్లీ అదే ఇంటికి తెస్తే దెబ్బలు మళ్లీ మొదలవుతాయి.

అందుకే ఏ సెంటరు మంచిదని వాకబు చేసే ముందు, కష్టం ఎవరికొచ్చిందో తేలాలి. పిల్లవాడి ఒంటికా, ప్రవర్తనకా, చూసుకునే మనిషికా, ఇంటికా? జవాబును బట్టి చోటు మారుతుంది. ఇక్కడ చెప్పేది 18 ఏళ్లలోపు పిల్లల గురించి, రెండు రోజుల నుంచి నెల రోజుల దాకా ఉండే ఏర్పాట్ల గురించి. ఏళ్ల తరబడి ఉంచే హాస్టళ్ల సంగతి వేరు.

ముందు ఒళ్లు చూపించాలి

నొప్పిని మాటల్లో చెప్పలేని పిల్లలు ప్రవర్తనతో చెప్తారు. రెండు మూడు వారాల్లో ఉన్నట్టుండి మారిన ప్రవర్తన కనబడితే, కాదని తేలేదాకా దాన్ని నొప్పిగానే లెక్కవేయాలి. "ఈ పిల్లలు ఇంతేనండి" అని పంపేసే డాక్టర్లు ఉంటారు. కాబట్టి ఏమేం చూడాలో మీరే అడిగి చూపించుకోండి: పళ్లు, చెవులు, పొట్ట, మూత్రం. ఈ నాలుగూ చూడకుండా ప్రవర్తనకు మందు రాయించుకోవద్దు.

పన్ను నొప్పైతే ఒకవైపే నములుతాడు, చల్లనిది తాగడు, దవడ మీద గుద్దుకుంటాడు. చెవి అయితే అటువైపే తల బాదుకుంటాడు, పడుకోబెడితే ఎక్కువ ఏడుస్తాడు. చాలామంది పొరబడేది మలబద్ధకం దగ్గర. నాలుగైదు రోజులు సరిగా పోక పేగులో గట్టిపడిన మలం పక్కనుంచి నీళ్లలాంటిది బట్టల్లోకి కారుతుంది. ఇంట్లోవాళ్లు విరేచనాలనుకుని ఆపే మాత్ర వేస్తారు, పొట్ట ఇంకా బిగుస్తుంది, పిల్లవాడు ఇంకా రెచ్చిపోతాడు. ఆడపిల్లలకైతే గోడమీద క్యాలెండర్‌లో నెలసరి తేదీలు, గొడవ చేసిన రోజులు రెండూ గుర్తుపెడితే మూడు నెలల్లో సంగతి తెలిసిపోతుంది. నడవలేని పిల్లలకు, ఏళ్ల తరబడి ఫిట్స్ మందులు వాడే పిల్లలకు ఎముకలు బలహీనంగా ఉంటాయి. చిన్న దెబ్బకే విరగొచ్చు. ఒక చెయ్యి గానీ కాలు గానీ కదపడం మానేస్తే ఎక్స్‌రే తీయించాలి. డౌన్ సిండ్రోమ్ ఉంటే థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి.

మందుల జాబితా కూడా చూడాలి. ఫిట్స్‌కు వాడే లెవెటిరాసిటామ్ కొంతమంది పిల్లల్లో చిరాకు, కోపం పెంచుతుంది. మొదలుపెట్టాక గానీ డోసు పెంచాక గానీ ప్రవర్తన మారిందనిపిస్తే తేదీలతో సహా న్యూరాలజీ డాక్టరుకు చెప్పాలి. మీ అంతట మీరు ఆపకూడదు. ఫిట్స్ మందు ఒక్కసారిగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. జలుబుకు వేసే కొన్ని సిరప్‌లు నిద్ర పట్టించాల్సింది పోయి కొంతమంది పిల్లల్ని రేపుతాయి.

ఫిట్స్ 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మళ్లీ వచ్చినా, తలకు దెబ్బ తగిలాక వాంతులూ మత్తూ ఉన్నా, తలలో నీరు తీసే షంట్ ఉన్న పిల్లవాడికి వాంతులతో మగత వచ్చినా, సైకియాట్రీ మందు మొదలుపెట్టాక జ్వరంతో ఒళ్లు బిగుసుకుపోయినా ఎంపికల గురించి ఆలోచించే సమయం కాదు. 108కి ఫోన్ చేయాలి.

ఇంటికే మనిషిని తెచ్చుకోవడం

ఒంట్లో ఏమీ లేదని తేలి, చూసుకునే మనిషి మాత్రమే అలిసిపోయి గానీ జబ్బుపడి గానీ ఉంటే మేం ముందు చెప్పేది ఇదే. కొత్త చోటు, కొత్త మంచం, కొత్త గొంతులు ఈ పిల్లలకు పెద్ద దెబ్బ. పిల్లవాణ్ణి కదిలించకుండా సాయాన్నే ఇంట్లోకి తేగలిగితే సగం గొడవ పుట్టదు.

ఎవరిని తేవాలి? పిన్నో, మేనత్తో, పిల్లవాడు ఎరిగిన మనిషి అయితే మేలు. బయటి ఆయా అయితే తల్లి ఆస్పత్రికి వెళ్లడానికి కనీసం రెండు రోజుల ముందే వచ్చి, మొదటిరోజు పక్కన కూర్చుని చూడాలి, రెండోరోజు తల్లి కళ్ల ముందే స్వయంగా చేయాలి. తినిపించడం, స్నానం, దొడ్డికి తీసుకెళ్లడం, మాత్రలు, ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ఈ అయిదూ వచ్చాయో లేదో చూడాలి. ఎక్కువగా చెడిపోయేది తినిపించడం దగ్గర. నమలలేని పిల్లవాడికి తొందరలో చపాతీ ముక్కో, అరటిపండు పెద్ద ముక్కో, పల్లీలో పెడితే గొంతుకు అడ్డం పడతాయి. కూర్చోబెట్టి, మెత్తగా కలిపి, ఒక ముద్ద మింగాకే రెండోది పెట్టాలని ఎదురుగా చేసి చూపించాలి.

రాత్రికి వేరే మనిషి కావాలి. పగలంతా చూసినవాళ్లే రాత్రీ చూస్తే నాలుగో రోజుకు చెయ్యి లేస్తుంది. అది చెడ్డతనం కాదు, నిద్రలేమి. గదిలో పెట్టి బయట గడియ వేయడం మాత్రం ఎంత అలసటలోనూ వద్దు. కత్తులు, అగ్గిపెట్టెలు, మాత్రల డబ్బా పైకి చేర్చండి, గ్యాస్ రెగ్యులేటర్ ఆపేయండి, బాల్కనీ తలుపుకు తాళం వేయండి, టీవీ ఆపి లైటు తగ్గించండి. పిల్లవాడు రెచ్చిపోతున్నప్పుడు ఒక్కరే, తక్కువ మాటలతో, రెండు చేతుల దూరంలో నిలబడాలి. నలుగురు చుట్టుముట్టి తలా ఒకటి అంటే ఐదు నిమిషాల్లో చల్లబడేది గంటసేపు సాగుతుంది.

ఫోన్‌లో సలహాకు టెలీ మానస్ 14416 ఉంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు, రాత్రి పగలు తేడా లేదు. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులను పిలవండి. పిల్లవాడి అలవాట్లు తెలిసినవాళ్లు కాబట్టి ఇంటికొచ్చి ఒక గంట చూసినా ఎక్కడ తప్పుతోందో పట్టుకోగలరు.

అమ్మానాన్నతో కలిసి ఉండే చోట్లు

ప్రవర్తనే కష్టమై, ప్రాణాపాయం మాత్రం లేకపోతే అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. ఇబ్బందల్లా దొరకడంలోనే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం 1984లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ. పాత పేరు ఎన్‌ఐఎంహెచ్, ఇప్పటికీ చాలామంది అలాగే పిలుస్తారు. దూరాల నుంచి వచ్చే కుటుంబాలు పిల్లలతో సహా దిగి, సైకాలజీ, స్పీచ్, ఫిజియోథెరపీ, ప్రత్యేక విద్య నిపుణులకు చూపించుకోవడానికి అక్కడ ఫ్యామిలీ కాటేజీలు ఉన్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లల సైకియాట్రీ వార్డులోనూ తల్లో తండ్రో తోడుండాల్సిందే.

ఇలాంటి చోట లాభం ఏమిటంటే, నేర్చుకునేది పిల్లవాడొక్కడే కాదు. ఏ పని చెప్పినప్పుడు కొరుకుతున్నాడు, కొరికాక ఆ పని తప్పిపోతోందా, అందుకే మళ్లీ కొరుకుతున్నాడా అన్నది నిపుణులు గమనించి తల్లిదండ్రులకు చూపిస్తారు. ఒంటరిగా వసతి కేంద్రంలో నెల ఉన్న పిల్లవాడు అక్కడ బాగానే ఉండి, ఇంటికి రాగానే మళ్లీ మొదలుపెట్టడానికి కారణం కూడా ఇదే. అక్కడి పద్ధతి ఇంటికి రాలేదు.

ఇబ్బందులూ చెప్పుకోవాలి. అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లే చోట్లు ఇవి, ఈ రాత్రికి మంచం దొరకదు. ఒకరు ఉద్యోగానికి సెలవు పెట్టాలి, ఇంటి దగ్గర ఉన్న ఇంకో బిడ్డను ఎవరో చూడాలి. ఆ బిడ్డ సంగతి ముందే కుదుర్చుకోకుండా వెళ్లినవాళ్లు మధ్యలోనే తిరిగొచ్చేస్తారు.

సైకియాట్రీ వార్డు ఎప్పుడు

బుద్ధిమాంద్యం ఒక్కటే కారణంగా చూపి ఎవరినీ సైకియాట్రీ వార్డులో చేర్చకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక జబ్బు నిర్వచనంలో బుద్ధిమాంద్యాన్ని చేర్చలేదు. అయితే బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు డిప్రెషన్, సైకోసిస్, మేనియా కూడా రావచ్చు. కళ్లు పోయేంతగా, తల పగిలేంతగా తనను తాను గాయపరుచుకోవడమూ ఉంటుంది. అప్పుడు వార్డు కావాలి, ఆలస్యం చేయకూడదు. తెలంగాణలో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ మానసిక వైద్యశాల ప్రభుత్వంవి. పెద్ద బోధనాస్పత్రుల్లోనూ సైకియాట్రీ విభాగాలుంటాయి.

పిల్లల్ని చేర్చుకునేటప్పుడు ఆ చట్టం గట్టి షరతులే పెట్టింది. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు సైకియాట్రిస్టు అయి తీరాలి. పెద్దవాళ్ల వార్డులో కలపకూడదు. చేరిన దగ్గర్నుంచి డిశ్చార్జి దాకా సంరక్షకులో అటెండెంటో పక్కనే ఉండాలి, ఆడపిల్లకు తోడు మగవారైతే ఆడ అటెండెంటు కూడా ఉండాలి. చేర్చుకున్న 72 గంటల్లోపు మానసిక ఆరోగ్య బోర్డుకు తెలియజేయాలి. ఒంటరిగా గదిలో బంధించడం నిషిద్ధం, గొలుసులు నిషిద్ధం. "మీరు వెళ్లిపోండి, మేం చూసుకుంటాం" అనే మానసిక వైద్యశాల చట్టం తెలియనిదో, లెక్కచేయనిదో అయ్యుండాలి. రెంటిలో ఏదైనా పిల్లవాణ్ణి వదలదగిన చోటు కాదు.

చేర్చేముందు డాక్టరును అడగాల్సినవి మూడు. ఏ లక్షణానికి ఈ మందు? ఎన్ని రోజుల్లో తేడా కనబడాలి? ఎప్పుడు తగ్గించి ఆపుతారు? మూడోదానికి జవాబు కేస్ షీట్‌లోనూ డిశ్చార్జి కాగితంలోనూ రాయించుకోండి. గొడవ తగ్గించడానికి మొదలైన మందు గొడవ తగ్గాక కూడా నాలుగేళ్లు సాగడం మామూలైపోయింది. రిస్పెరిడోన్ లాంటివి మొదలుపెడితే ఆ రోజే బరువు తూచి రాసుకోవాలి, ఆకలి పెరిగి బరువు తొందరగా ఎక్కుతుంది. హాలోపెరిడాల్ ఇంజెక్షన్ తర్వాత మెడ పక్కకు మెలితిరిగినా, కనుగుడ్లు పైకి నిలిచిపోయినా అది ఫిట్స్ కాదు, మందు ప్రభావం. నర్సుకు వెంటనే చెప్తే విరుగుడు ఇంజెక్షన్ ఇస్తారు.

వసతి కేంద్రం: ఎలా చూసి నమ్మాలి

చూసుకునేవాళ్లు మంచాన పడ్డప్పుడు, ఇంట్లో చావు జరిగినప్పుడు, ఇంటికి తెచ్చుకునే మనిషి ఎవరూ లేనప్పుడు కావాల్సింది ఇది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం వచ్చింది. ఆ ట్రస్టు నడిపే 'సమర్థ్' పథకం కష్టంలో పడ్డ కుటుంబాలకు, పేద కుటుంబాలకు, అనాథలకు కొంతకాలం వసతి ఇవ్వడానికి పెట్టినదే. తర్వాత దాన్ని పెద్దవాళ్లకు జీవితాంతం వసతి ఇచ్చే 'ఘరౌందా' పథకంతో కలిపారు. మీ జిల్లాలో ట్రస్టు దగ్గర నమోదైన సంస్థలేవో ట్రస్టు వెబ్‌సైట్‌లోనూ, జిల్లా దివ్యాంగుల సంక్షేమ శాఖ కార్యాలయంలోనూ తెలుస్తుంది. స్వచ్ఛంద సంస్థల ప్రత్యేక పాఠశాలల్లో హాస్టల్ ఉన్నవి కొన్ని ఖాళీ ఉంటే స్వల్పకాలానికి తీసుకుంటాయి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి సంస్థ ఏదైనా రిజిస్ట్రేషన్ లేకుండా నడపకూడదు. ఆ సర్టిఫికెట్ అందరికీ కనబడేచోట పెట్టాలి. గోడమీద లేకపోతే అడగండి, చెల్లుబాటు తేదీ చదవండి. ట్రస్టు డీడ్, పన్ను మినహాయింపు కాగితం చూపించి ఇదే రిజిస్ట్రేషన్ అంటే ఒప్పుకోవద్దు, అవి వేరు.

కాగితం ఉన్నంత మాత్రాన చోటు మంచిదైపోదు. ఉదయం పదకొండింటికి వెళ్తే ఎక్కడైనా నేల తుడిచి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఉంటారు. రాత్రి ఏడున్నర ప్రాంతంలో, అన్నాలు పెట్టే వేళకు వెళ్లండి. అప్పుడు ఎంతమంది పనివాళ్లున్నారు, తినలేని పిల్లలకు ఎవరు తినిపిస్తున్నారు, పళ్లెం ఎంత తొందరగా తీసేస్తున్నారు అన్నది కళ్లకు కడుతుంది. రాత్రి మేలుకుని ఉండేవాళ్లెందరని అడగండి, పడుకునేవాళ్లను లెక్కలో వేయొద్దు. 20 మందికి ఒక్క ఆయా ఉంటే, ఒకరికి ఫిట్స్ వచ్చినప్పుడు మిగతా 19 మందికీ ఎవరూ లేనట్టే. అంతస్తుకు ఇద్దరైనా మేలుకుని ఉండని చోట ఫిట్స్ ఉన్న పిల్లల్ని ఉంచొద్దని మా సలహా.

మందుల రిజిస్టరు చూపించమనండి. మందు ఇచ్చిన ప్రతిసారీ ఇచ్చినవారి సంతకం ఉండాలి. నెల మొత్తం టిక్కులు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే వరసలో ఉంటే అవి ఒకేసారి కూర్చుని పెట్టినవి. పిల్లవాడికి మాత్ర అందిందో లేదో ఆ రిజిస్టరు చెప్పదు.

స్నానాల గదికి వెళ్లి నీళ్లెలా వేడిచేస్తారో చూడండి. వేడినీళ్ల బకెట్ పిల్లల చేతికందే చోట ఉంటే కాలిన గాయాలు తప్పవు. మరుగుదొడ్డి తలుపుకు లోపలి గడియ బయటనుంచి తీయగలిగేలా ఉండాలి. పడకగది కిటికీ ఊచలకు, బయటి గేటుకు తాళం ఉంటే తాళంచెవి రాత్రి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచే ఒక కేంద్రంలో 2001 ఆగస్టు 6న మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. తాళాలూ కట్లూ భద్రత అనుకునేవాళ్లకు ఆ సంగతి చెప్పండి.

ఆడపిల్లలకు స్నానం, బట్టలు, నెలసరి చూసేది ఆడవాళ్లేనా, రాత్రి ఆ గదుల వైపు మగ సిబ్బంది తిరుగుతారా అని మొహమాటం లేకుండా అడగాలి. మగపిల్లల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి, వాళ్లమీదా లైంగిక దాడులు జరుగుతాయి. పదేళ్ల పిల్లవాణ్ణి ముప్పై ఏళ్ల వాళ్లతో ఒకే గదిలో పడుకోబెట్టే చోటు వద్దే వద్దు.

"అలవాటు పడాలి, నెల రోజులు రాకండి" అనే చోటును అక్కడికక్కడే వదిలేయండి. నెల రోజుల్లో గాయాలు మానిపోతాయి, బరువు తగ్గిన సంగతి మరుగున పడుతుంది. రోజుకొక ఫోన్, కుదిరితే వీడియో కాల్, ఎప్పుడైనా చెప్పకుండా వచ్చే హక్కు, ఈ మూడింటికీ ముందే ఒప్పుకున్న చోటే చూడండి. మద్యం మాన్పించే కేంద్రాలు కొన్ని ఈ పిల్లల్నీ తీసుకుంటామంటాయి. అక్కడి మనుషులు, మందులు, క్రమశిక్షణ వేరే జబ్బుకు ఏర్పాటైనవి, పిల్లవాడికి పనికిరావు.

డబ్బు దగ్గర: పెద్ద మొత్తం డిపాజిట్ అడిగితే ఆలోచించండి. రోజుకింత లెక్కన, రసీదుతో, ముందే తీసుకెళ్తే మిగిలింది తిరిగిచ్చేలా రాయించుకోండి. ఆధార్, సదరం (వైకల్యం) సర్టిఫికెట్, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు జిరాక్సులే ఇవ్వాలి. ఒరిజినళ్లు, పింఛను బ్యాంకు పుస్తకం, ఏటీఎం కార్డు ఇవ్వకూడదు. ఖాళీ కాగితం మీద సంతకం ఎంత తొందరలోనూ పెట్టొద్దు. తిరిగి తీసుకెళ్లే తేదీ చేర్చే రోజే రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయాలి. తేదీ లేకుండా వదిలిన పిల్లల మకాం నెలలకు సాగుతుంది, ఆ తర్వాత ఇంట్లో వాళ్ల చోటు పూడుకుపోతుంది.

వీలైతే కష్టం రాకముందే ఒక పగలు, మరోవారం ఒక రాత్రి అక్కడ ఉంచి చూడండి. పిల్లవాడు ఎరిగిన చోటైతే రేపు అర్ధరాత్రి తీసుకెళ్లినా బెదరడు. నేషనల్ ట్రస్ట్ నిరామయ ఆరోగ్య బీమా కూడా అంతే, ముందే చేయించుకోవాలి. ఏడాదికి లక్ష రూపాయల దాకా, ఓపీ ఖర్చులకూ థెరపీలకూ పరిమితులతో వర్తిస్తుంది, పాత జబ్బులున్నాయని తోసిపుచ్చరు. దరఖాస్తు ట్రస్టులో నమోదైన సంస్థ ద్వారా వెళ్తుంది.

ఇల్లే ప్రమాదమైతే

దెబ్బలు, లైంగిక వేధింపు, తిండి పెట్టకపోవడం, కట్టేయడం, లేదా చూసేవాళ్లే లేకపోవడం: ఇక్కడ వసతి కేంద్రాన్ని మీరు ఎంచుకోవడం కాదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేస్తే పిల్లవాణ్ణి 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) ముందుంచుతారు. ఎక్కడుంచాలో సీడబ్ల్యూసీ నిర్ణయిస్తుంది. పక్కింటివాళ్లయినా, టీచరయినా ఫోన్ చేయవచ్చు.

తల్లులు ఫోన్ చేయడానికి భయపడేది ఒక్కందుకే, పిల్లవాణ్ణి శాశ్వతంగా లాగేసుకుంటారని. వైకల్యం ఉందన్న కారణంతో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదని, పిల్లవాడి మేలుకోసం అవసరమైతే కోర్టు ఉత్తర్వుతోనే చేయాలని 2016 చట్టం తొమ్మిదో సెక్షన్ చెప్తోంది. తల్లిదండ్రులు చూడలేని పరిస్థితైతే ముందు దగ్గరి బంధువుల దగ్గర, కుదరకపోతే ఏదైనా కుటుంబ వాతావరణంలో, మరీ తప్పనప్పుడే ఆశ్రమంలో ఉంచాలనీ అందులోనే ఉంది. కమిటీ ముందుకు వెళ్లేటప్పుడు పిల్లవాణ్ణి తీసుకోగల మేనమామో, పెద్దమ్మో ఎవరైనా ఉంటే వాళ్లను ఆధార్‌తో వెంట తీసుకెళ్లండి. పిల్లవాణ్ణి పిల్లల గృహంలో కాకుండా బంధువుల ఇంట్లో ఉంచమని అడగడానికి అంతకన్నా బలమైన ఆధారం లేదు. వైకల్యం సర్టిఫికెట్, మందుల చీటీ కూడా చేతిలో ఉండాలి. లేకపోతే మామూలు పిల్లల గృహంలో పెడతారు, ఫిట్స్ మందు ఆగిపోతుంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు

అక్కడ చుట్టాల సాయం లేకపోవడం వల్ల అలసట తొందరగా ముదురుతుంది. మెడికెయిడ్ వేవర్ల (వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే సాయం అందించే ప్రభుత్వ పథకాల) కింద, చూసుకునేవాళ్లకు విశ్రాంతి దొరికేలా ఇంటికే మనిషి వచ్చే రెస్పైట్ గంటలు దొరుకుతాయి. చాలా రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి వెయిటింగ్ ఉంటుంది కాబట్టి పిల్లవాడు చిన్నగా ఉన్నప్పుడే పేరు రాయించాలి. అక్కడే పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడు. తల్లిదండ్రుల జీతం కాకుండా బిడ్డ ఆదాయమే చూసే వేవర్లు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. హెచ్‌-1బీ మీద ఉన్నాం కదా, మాకు రాదని దరఖాస్తే పెట్టని ఇళ్లు ఈ అవకాశం పోగొట్టుకుంటున్నాయి. కొన్ని రాష్ట్రాల్లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఏర్పడ్డ 'స్టార్ట్' పద్ధతిలో సంక్షోభ బృందాలు పనిచేస్తాయి, కొన్నిచోట్ల కొద్దిరోజులు ఉంచే మంచాలూ ఉంటాయి. ఇదేమీ కుదుర్చుకోకుండా నేరుగా ఎమర్జెన్సీ రూమ్‌కు వెళ్తే మంచం దొరికేదాకా రోజుల తరబడి అక్కడే ఉండాల్సి రావచ్చు. ఫోన్ సాయానికి 988 ఉంది. 911కే చేయాల్సి వస్తే మొదటి వాక్యంలోనే పిల్లవాడికి మేధో వైకల్యం ఉందని, చేతిలో ఆయుధం లేదని చెప్పి, ఇలాంటి సంక్షోభాల్లో ఎలా మెలగాలో శిక్షణ పొందిన సీఐటీ పోలీసు అధికారిని పంపమని అడగండి.

వెంట పంపాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యం ఒక్క పేజీ కాగితం. తెలుగులో, పెద్ద అక్షరాలతో, అక్కడి ఆయా చదవగలిగేలా రాయండి. ఏ పేరుతో పిలిస్తే పలుకుతాడు, నీళ్లు కావాలంటే ఏం చేస్తాడు, దొడ్డికి వస్తే ఏ సైగ చేస్తాడు, అన్నం ఎంత మెత్తగా కలపాలి, ఫిట్స్ ఎలా వస్తాయి, చివరిసారి ఎప్పుడొచ్చాయి, ఏ శబ్దానికి బెదురుతాడు (కుక్కర్ విజిల్, మిక్సీ, మోటారు), రెచ్చిపోయే ముందు ఏ గుర్తు కనబడుతుంది, అప్పుడు ఏం చేస్తే చల్లబడతాడు, ఏం చేయకూడదు. సిబ్బందిలో హిందీ మాట్లాడేవాళ్లుంటే పిల్లవాడు వాడే పది మాటలు, సైగలు పక్కనే హిందీలోనూ రాయండి.

మందులు ఉండే రోజులకు సరిపడా, పైన మూడు రోజులకు ఎక్కువ, స్ట్రిప్పుల్లోనే పంపాలి. విడి మాత్రలు డబ్బాలో పోసి పంపితే ఏది ఏదో ఎవరికీ తెలియదు. సిరప్ అయితే కొలిచే సిరంజితో సహా ఇవ్వండి. చెంచా అంటే ఒక్కొక్కరికి ఒక్కో కొలత. ప్రిస్క్రిప్షన్ జిరాక్సు, ఈమధ్య ఫోటో, ఏడెనిమిది జతల బట్టలు పేరు రాసి, రోజుకు వాడే లెక్కన డైపర్లో ప్యాడ్లో, ఇంటి దిండు, ఉతకని దుప్పటి. ఇంటి వాసన ఉన్న దుప్పటి మొదటి రెండు రాత్రులూ నిద్ర పట్టిస్తుంది.

చేర్చే రోజు బరువు తూచి, ఒంటిమీద పాత మచ్చలు, గీతలు, కాలిన గుర్తులు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. తర్వాత కొత్తది కనబడితే వాదన అక్కర్లేదు, కేంద్రానికీ అది రక్షణే.

తీసుకొచ్చాక

బయల్దేరేముందు మళ్లీ తూచి, ఒళ్లంతా చూసి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి. ఇచ్చిన మాత్రల్లోంచి ఉన్న రోజులకు పోవాల్సినవి తీసేస్తే ఎన్ని మిగలాలో తెలుస్తుంది. ఎక్కువ మిగిలాయంటే మందు అందలేదు, తక్కువ మిగిలాయంటే ఎక్కువ వేశారు. ఎలా అయినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. కొత్త మాత్ర ఏదైనా మొదలుపెట్టి ఉంటే ఎవరు రాశారో, ఎందుకు రాశారో కాగితం లేకుండా తీసుకురావద్దు.

మొదటి మూడు నాలుగు రోజులు ఎక్కువ నిద్ర, ఎక్కువ తిండి, తల్లిని వదలకపోవడం మామూలే. పక్క తడపడం మానేసిన పిల్లవాడు మళ్లీ తడపడం కూడా కొన్నాళ్లు ఉంటుంది. స్నానం చేయించబోతే వణకడం, బట్టలు విప్పనివ్వకపోవడం, ఒక మనిషి పేరు వింటేనే దాక్కోవడం, మర్మాంగాల దగ్గర నొప్పి, మంట, రక్తం మామూలు కావు. అలాంటప్పుడు స్నానం చేయించకుండా, ఆ బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి నేరుగా ఆస్పత్రికి వెళ్లండి, 1098కి ఫోన్ చేయండి. ఏ ఆస్పత్రి అయినా ఉచితంగా వెంటనే వైద్యం చేయాలి, ఎఫ్‌ఐఆర్ తర్వాత రాయించుకోవచ్చు. మాటలు రాని పిల్లల వాంగ్మూలానికి ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం తీసుకునే వీలు పోక్సో చట్టంలోనే ఉంది. మీరు అడగాలి, భవిత కేంద్రం టీచరు పేరు మీరే సూచించవచ్చు.

గొడవ తగ్గి పిల్లవాడు మామూలైతే రెండు వారాలకు ఒకసారి, ఆరు వారాలకు మరోసారి డాక్టరుకు చూపించేలా తేదీలు ముందే తీసుకోండి. ఆరో వారం చూపించేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, వార్డులో మొదలుపెట్టిన మందు ఇంకా కావాలా అని.